బంతి రానప్పుడు అతనేం చేస్తున్నాడు

మేము ఉండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. డల్లాస్ కౌబాయ్స్ టీం ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్న ఊరు ఇది. తెలుగువాళ్ళం కూడా చాలామందిమి ఉన్నాం. శనివారాలు మావాళ్ళంతా క్రికెట్ ఆడుకుంటే, శుక్రవారం రాత్రి ఊరు మొత్తం హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కదులుతుంది. మా అబ్బాయి స్కూల్ టీంలో చేరాక నేనూ ఆ స్టాండ్స్‌లో కూర్చోవడం మొదలుపెట్టాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన గుండ్రటి బంతి ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

టీంకి మ్యాచ్ వీడియో తీసేవాళ్ళు కావాలంటే నేను ఒప్పుకున్నాను. స్టాండ్స్ పైన కెమెరా పక్కనే నిలబడి మనవడి ఆట చూసుకునే ఒక పెద్దాయనతో అలా పరిచయమైంది. ఆయన చాలా ఏళ్ళు ప్రొఫెషనల్ టీంలకు స్కౌట్‌గా పనిచేసి రిటైరయ్యారు. కాలేజీలు తిరిగి కుర్రాళ్ళ ఆట చూసి, ఎవరు పై స్థాయిలో నిలబడతారో టీంకి రాసిచ్చే ఉద్యోగం అది. రిటైరయ్యాక కొద్దిమందితో ఒక చిన్న రిపోర్టుల సర్వీసు నడుపుతున్నారు. నేను బ్యాంకులో డేటా పని చేస్తానని తెలిసి ఒకరోజు అడిగారు: "అంకెలు చదవడం నీకు వచ్చు. చూసింది చూసినట్టు రాయడం వచ్చా?" వస్తుందనే చెప్పాను. రాదని తెలియడానికి నాకు ఒక వారం పట్టింది.

ముందు డ్రాఫ్ట్ అంటే ఏమిటో చెప్పాలి. ఐపీఎల్ వేలంలో డబ్బున్న టీం పాట పెంచి ఆటగాణ్ణి కొనుక్కుంటుంది. ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్. దాని డ్రాఫ్ట్‌లో పాట ఉండదు. 32 టీంలు వరసగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అందరికంటే ఘోరంగా ఓడిన టీంకి మొదటి అవకాశం, ఛాంపియన్‌కి చివరి అవకాశం. ఇలా 7 రౌండ్లు. హైస్కూల్ వదిలి మూడేళ్ళయిన కుర్రాడు మాత్రమే అర్హుడు. 1936లో మొదలైన పద్ధతి ఇది. ఏటా సుమారు 260 మంది ఎంపికవుతారు. ఎవరు తీసుకుంటే ఆ ఊరికి వెళ్ళి ఆడాల్సిందే. మొదటి రౌండ్‌లో వెళ్తే కోట్ల డాలర్ల కాంట్రాక్టు, ఆరో రౌండ్‌లో వెళ్తే టీంలో ఉంటాడో లేదో కూడా నమ్మకం లేదు. ఏ రౌండ్‌లో తీసుకోదగ్గవాడో స్కౌట్ చెప్పే అంచనానే గ్రేడు అంటారు. ఒక్క గ్రేడు తేడాతో ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ పిల్లాడి జీవితం ఎంత మారిపోతుందో మొదటిరోజే పెద్దాయన గుర్తుచేశారు.

నాకు 2023 డ్రాఫ్ట్‌కి 14 మంది వైడ్ రిసీవర్లను ఇచ్చారు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరిగెత్తి పట్టుకునేవాడు రిసీవర్. ఒక్కొక్కరివి కనీసం నాలుగు మ్యాచ్‌లు చూడాలి. అందులో ఒకటి గట్టి ప్రత్యర్థి మీద, ఒకటి అతను బాగా ఆడని రోజుది అయి తీరాలి. రిపోర్టు పంపేదాకా ఇంకొకరి అభిప్రాయం చదవకూడదు, టీవీ చర్చలు వినకూడదు, సీజన్ లెక్కలు చూడకూడదు. ఈ మూడో నియమం నాకు అన్నిటికంటే కష్టమైంది. పదిహేనేళ్ళుగా అంకె చూడకుండా ఒక నిర్ణయానికి రాని మనిషిని.

మనం టీవీలో చూసే మ్యాచ్ బంతి వెంట పోతుంది. స్కౌట్ చూసే ఫిల్మ్ వేరు. దాన్ని ఆల్-22 అంటారు. మైదానంలోని 22 మందీ ఒకేసారి కనిపించేలా పైనుంచి ఒకటి, గోల్‌పోస్టు వెనకనుంచి ఒకటి, రెండు కోణాల్లో తీస్తారు. కామెంటరీ ఉండదు, చప్పుడు ఉండదు. బంతి కదిలినప్పటినుంచి ఈల ఊదేదాకా జరిగేదాన్ని ఒక ఆట అంటాం. ఒక్కో ఆట ఆరేడు సెకన్లలో అయిపోతుంది. దాన్ని ఆరేడుసార్లు వెనక్కి తిప్పి చూడాలి. మొదటిసారి పాదాలు, రెండోసారి నడుము, తర్వాత చేతులు, ఆ తర్వాత ఎదురుగా నిలబడి రిసీవర్‌ని అడ్డుకునే కార్నర్‌బ్యాక్ ఏం చేశాడో. ఒక మ్యాచ్‌కి నాకు మొదట్లో ఐదు గంటలు పట్టేది. రాత్రి భోజనాలయ్యాక హాల్లో కూర్చుంటే ఒంటిగంట దాటేది. మా ఆవిడ ఒకరోజు వెనక నిలబడి చూసి, "ఏవండీ, గంట నుంచీ ఆ అబ్బాయి అక్కడే పరిగెడుతున్నాడు" అంది. నిజమే, అరవై ఆటల్లో అతనికి బంతి వచ్చింది ఏడింటిలో. మిగతా 53 ఆటలు నేనెలా చూస్తున్నానన్న దాని మీదే రిపోర్టు ఆధారపడుతుందని అప్పటికి ఇంకా అర్థం కాలేదు.

మొదటి రిపోర్టుకి క్వెంటిన్ జాన్‌స్టన్‌ని ఎంచుకున్నాను. మాకు దగ్గర్లోని ఫోర్ట్‌వర్త్‌లో ఉన్న టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) కుర్రాడు. ఆరడుగుల పైన మూడంగుళాలు, అంత పొడుగు మనిషి బంతి పట్టాక చిన్నపిల్లాడిలా మెలికలు తిరుగుతూ పరిగెడతాడు. ఆ సీజన్‌లో టీసీయూ జాతీయ ఫైనల్ దాకా వెళ్ళింది. సెమీఫైనల్‌లో మిషిగన్ మీద 51–45తో గెలిచిన మ్యాచ్‌లో అతను 163 గజాలు సంపాదించాడు, అంటే బంతి పట్టి జట్టుని అంత దూరం ముందుకు తీసుకెళ్ళాడు. అందులో ఒకటి 76 గజాల టచ్‌డౌన్, అంటే బంతితో అవతలి గీత దాటి చేసే స్కోరు. నా రిపోర్టు రెండు పేజీలు వచ్చింది. "అద్భుతమైన వేగం, సహజ ప్రతిభ, పెద్ద మ్యాచ్‌లో భయపడడు" అని రాశాను.

పెద్దాయన దాన్ని వెనక్కి పంపారు. దాదాపు ప్రతి వాక్యం కింద గీత, పక్కన ఒకే మాట: "ఇది నీకు అనిపించింది. చూసింది ఎక్కడ?" చివర్న ఇంకో ప్రశ్న: "బంతి రానప్పుడు అతనేం చేస్తున్నాడు?"

మళ్ళీ మొదటినుంచి చూశాను. ఈసారి ఒక్కో ఆటకి ఒక్కో వరస రాసుకున్నాను. ఎన్ని గజాల దూరంలో నిలబడ్డాడు, ఎదుటివాడు మీదికొచ్చి అడ్డుకున్నాడా, ఎన్ని అడుగుల్లో తప్పించుకున్నాడు, మలుపు దగ్గర ఎన్ని అడుగులు వేస్తే ఆగగలిగాడు, పట్టింది వేళ్ళతోనా ఒంటితోనా. రెండోసారి చూస్తేగానీ కనిపించనిది అప్పుడు కనిపించింది. బంతి చేతుల్లోకి రావలసినచోట ఛాతీ దాకా రానిచ్చి హత్తుకుని పడుతున్నాడు. ఫైనల్‌లో జార్జియా మీద టీసీయూ 65–7తో ఓడిపోయిన రోజు అతనికి దక్కింది ఒకే ఒక్క క్యాచ్, 3 గజాలు. "ఏ మ్యాచ్ నమ్మాలి?" అని అడిగితే పెద్దాయన, "రెండూ అతనే ఆడాడు కదా" అన్నారు.

మొత్తానికి మొదటి రౌండ్ గ్రేడే ఇచ్చాను. చేతుల సంగతి కూడా రాశాను కానీ పక్కనే "నేర్పితే వస్తుంది" అని చేర్చాను. ఈ పనిలో అన్నిటికంటే తేలికగా కలం నుంచి జారిపడే వాక్యం అదే. ఎవరు నేర్పుతారు, ఎన్నాళ్ళు పడుతుంది, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు, ఈ మూడింటికీ నా దగ్గర జవాబు లేదు.

జనవరి చివర్లో మొబైల్ వెళ్ళాం. అలబామాలో ఉన్న ఊరు. కాలేజీ ఆట ముగించి డ్రాఫ్ట్‌కి వచ్చే కుర్రాళ్ళు ఆడే సీనియర్ బౌల్ అనే మ్యాచ్ అక్కడ జరుగుతుంది. దానికి వారం ముందునుంచి ప్రాక్టీసులు ఉంటాయి, అన్ని టీంల స్కౌట్లూ వస్తారు. అసలు మ్యాచ్‌కంటే ఆ ప్రాక్టీసులే ముఖ్యం. ఆదివారమే కారులో బయల్దేరడం మంచిదైంది. సోమవారం నుంచి డల్లాస్‌లో మంచువాన పడి రోడ్లన్నీ గాజు పలకల్లా అయ్యాయి, విమానాలు ఆగిపోయాయి. ఇంట్లో వాళ్ళు ఎలా ఉన్నారోనని ఒకపక్క టెన్షన్, ఇంకోపక్క జీవితంలో మొదటిసారి ఈ ఆటగాళ్ళను ఇరవై గజాల దూరం నుంచి చూస్తున్న సంబరం.

ఫిల్మ్‌లో వినపడనివి అక్కడ వినపడతాయి. పాదం నేలను తన్నే చప్పుడు, బంతి చేతుల్లో పడ్డప్పుడు వచ్చే శబ్దం. వేళ్ళతో పట్టేవాడి దగ్గర ఆ శబ్దం దాదాపు ఉండదు. నాకు ఈ సంగతి చెప్పింది నా పక్కన నిలబడ్డ ఒక ముసలి స్కౌట్. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకునే ఉన్నారు.

హ్యూస్టన్ యూనివర్సిటీ కుర్రాడు ట్యాంక్ డెల్ అక్కడికి వచ్చాడు. స్కౌట్లు ఎత్తుని నాలుగంకెల్లో రాస్తారు. మొదటిది అడుగులు, తర్వాతి రెండూ అంగుళాలు, చివరిది అంగుళంలో ఎనిమిదో వంతులు. డెల్ ఎత్తు 5083, అంటే 5 అడుగుల 8 అంగుళాల పైన కాస్త. బరువు 165 పౌండ్ల లోపే, అంటే 75 కిలోలు కూడా లేదు. ఎదురుగా వంద కిలోలవాళ్ళు గుద్దే ఆట ఇది. ఫిల్మ్ చూసి నేనిచ్చింది నాలుగో రౌండ్. కానీ ఒకరికొకరు ఎదురుగా నిలబడే డ్రిల్‌లో అతన్ని మూడు రోజులూ ఎవరూ పట్టుకోలేకపోయారు. కార్నర్‌బ్యాక్ చెయ్యి వేసేలోపే పక్కకు జరిగిపోయేవాడు. ఆ డ్రిల్ రిసీవర్‌కి అనుకూలమని నాకు తెలుసు, అక్కడ సాయానికి ఇంకో డిఫెండర్ ఉండడు. అది తెలిసే మూడో రౌండ్‌కి పెంచాను. అంతకుమించి పెంచడానికి మనసొప్పలేదు. బరువు అంకె కళ్ళముందే ఉంది.

మార్చి మొదట్లో ఇండియానాపోలిస్‌లో కంబైన్ జరుగుతుంది. మూడొందలకు పైగా ఆటగాళ్ళను పిలిచి కొలుస్తారు. అరచేతి వెడల్పు, చేతి పొడవు, నిలబడి ఎంత ఎత్తు ఎగురుతాడు, 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తుతాడు, 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెడతాడు. కెమెరా లేని గదుల్లో డాక్టర్లు ప్రతి కీలూ వంచి చూస్తారు, టీంల వాళ్ళు ఇంటర్వ్యూలు చేస్తారు. నేను ఇంట్లో టీవీలో చూశాను. చొక్కాలు లేని కుర్రాళ్ళను వరసగా నిలబెట్టి టేపుతో కొలుస్తుంటే, చిన్నప్పుడు తాతయ్యతో వెళ్ళిన పశువుల సంత గుర్తొచ్చింది. ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టడం, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూడటం. ఆ పోలిక వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. కానీ అమెరికాలో ఈ మాట చాలామంది నల్లజాతివాళ్ళు ఎన్నాళ్ళ నుంచో అంటున్నారు. కొలవబడే కుర్రాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే కాబట్టి వాళ్ళకు గుర్తొచ్చేది మా సంత కాదు, బానిసల వేలం. నేను కూడా రిపోర్టు రాసేవాణ్ణే కదా, ఇందులో నాకూ భాగముంది. ఆ రాత్రి నా పాత రిపోర్టులన్నీ తీసి "యంత్రం", "సరుకు" లాంటి మాటలు ఎక్కడున్నా కొట్టేశాను. ఆట చూసేవాళ్ళ భాషలో అవి మామూలే, కానీ నా కాగితంలో ఉండనివ్వకూడదనుకున్నాను.

కొలతలు పనికిరావని నేననను. పాదం జారితే తప్ప గడియారం అబద్ధం చెప్పదు. కానీ అది ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. 2000లో టామ్ బ్రేడీ అనే క్వార్టర్‌బ్యాక్ 40 గజాలను 5.28 సెకన్లలో పరిగెత్తాడు, 199వ స్థానంలో ఎంపికయ్యాడు, ఏడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్ గెలిచాడు. ఈ కథ అందరూ చెబుతారు. నాకు జరిగింది మాత్రం వేరే కుర్రాడి దగ్గర.

పూకా నాకువా. యూటాలోని బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ)లో ఆడేవాడు. నా జాబితాలో పదకొండోవాడు. 2022 నవంబర్‌లో బాయిసీ స్టేట్ మీద ఆడిన మ్యాచ్ ఫిల్మ్ చూస్తున్నాను. 14 క్యాచ్‌లు, 157 గజాలు. ఆఖర్లో, నాలుగో డౌన్‌లో, అంటే చివరి అవకాశంలో టచ్‌డౌన్ పట్టి 31–28తో టీంని గెలిపించాడు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నవాటిలో సగం మాత్రం ఆ క్యాచ్‌ల గురించి కాదు. "బంతి అవతలి వైపు వెళ్ళింది, ఇతను ఇటు డిఫెండర్‌ని పది గజాలు తోసుకెళ్ళాడు." "మళ్ళీ తోశాడు." "ఈల ఊదేదాకా వదల్లేదు." అతనికి బంతి చేతికిచ్చి పరిగెత్తించే ఆటలు కూడా చాలా వాడారు. నేను చూసిన 14 మందిలో, పెద్దాయన ప్రశ్నకి ఇంత స్పష్టంగా జవాబు చెప్పిన ఫిల్మ్ ఇంకొకటి లేదు. నాలుగో రౌండ్ అని రాశాను, పైన చిన్నగా "ఇంకా ముందే?" అని కూడా.

తర్వాత మా మీటింగ్ జరిగింది. ఆరుగురం కూర్చుని ఒకరి గ్రేడ్లు ఒకరు ప్రశ్నిస్తాం. నాకువా పేరు రాగానే ఒకతను గాయాల చిట్టా చదివాడు. వాషింగ్టన్ యూనివర్సిటీలో మొదటి ఏడాదే పాదం ఎముక విరిగింది, చివరి సీజన్‌లోనూ కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు, కంబైన్‌లో పరిగెత్తలేదు, కాలేజీలో పరిగెత్తినప్పుడు 40 గజాలకు 4.5 సెకన్ల పైనే పట్టింది. ఇంకొకతను "ఆ వేగంతో పైన ఎవరినీ దాటలేడు" అన్నాడు. నా దగ్గర డాక్టరు రిపోర్టు ఏదీ లేదు. మా సర్వీసులో ఎవరి దగ్గరా లేదు, అవి టీంల దగ్గరే ఉంటాయి. అయినా ఆరుగురిలో నేను కొత్తవాణ్ణి, ఆట ఆడి పెరిగినవాణ్ణి కాదు, యాస వేరు. వాదించలేదు. ఆరో రౌండ్‌కి దించి, "గాయాల చరిత్ర, సగటు వేగం" అని రాశాను. పెద్దాయన నా వైపు చూసి ఏమీ అనలేదు. ఆయన అడిగి ఉంటే నోట్‌బుక్ తీసి చదివేవాణ్ణేమో. కానీ అడిగించుకోవాల్సిన అవసరం ఉండకూడదు.

ఏప్రిల్ 27 నుంచి మూడు రోజులు కాన్సాస్ సిటీలో డ్రాఫ్ట్ జరిగింది. మొదటి రౌండ్‌లో విచిత్రంగా 20, 21, 22, 23 స్థానాల్లో వరసగా నలుగురు రిసీవర్లు వెళ్ళారు. అందులో జాన్‌స్టన్ 21వ స్థానంలో ఛార్జర్స్ టీంకి. మా అబ్బాయి ఎగిరి గంతేశాడు, "నాన్నా, నువ్వు చెప్పినట్టే" అని. శుక్రవారం డెల్‌ని 69వ స్థానంలో హ్యూస్టన్ టెక్సన్స్ తీసుకున్నారు, కాలేజీలో ఆడిన ఊరి టీమే అన్నమాట. శనివారం మధ్యాహ్నం ఐదో రౌండ్‌లో, 177వ స్థానంలో, రామ్స్ టీం వాళ్ళు నాకువాని తీసుకున్నారు. అప్పుడు నేను వంటింట్లో టీ పెడుతున్నాను. పేరు వినపడింది, నా గ్రేడుకి దగ్గర్లోనే వెళ్ళాడు అనుకున్నాను. ఆరోజు నాకు నా రిపోర్టులు బాగా వచ్చాయన్న తృప్తే ఉంది.

సెప్టెంబర్‌లో సీజన్ మొదలైంది. రామ్స్ ప్రధాన రిసీవర్ కూపర్ కప్ గాయంతో లేడు. సియాటిల్ మీద తొలి మ్యాచ్‌లోనే నాకువా 10 క్యాచ్‌లు, 119 గజాలు. రెండో మ్యాచ్‌లో 15 క్యాచ్‌లు. సీజన్ అయ్యేసరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. మొదటి ఏడాది ఆటగాళ్ళలో అప్పటికి లీగ్ చరిత్రలోనే రెండూ రికార్డులు. సియాటిల్ మ్యాచ్ ఫిల్మ్ దొరికినరోజు రాత్రి కూర్చుని చూశాను. అవే ఆటలు. బంతి అవతలికి వెళ్తే ఇవతల తోస్తున్నాడు, ఈల ఊదేదాకా వదలట్లేదు. లైన్‌కి దగ్గరగా నిలబెట్టి, కదులుతూ బయల్దేరేలా చేసి, వేగం అవసరం లేని చోట బంతి అందిస్తున్నారు. ఆ టీం వాళ్ళు నాకు కనిపించిందే చూశారు, అయితే దాన్ని కొట్టేయలేదు.

నోట్‌బుక్ తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళాను. చదివి, "గ్రేడు తప్పవడం నాకు బాధ లేదు. ముప్ఫై ఏళ్ళలో వందలు తప్పాను. నీ కళ్ళు చూసింది వేరే వాళ్ళ మాట కోసం మార్చావు. అది నీ రిపోర్టు కాదు, మీటింగ్ మినిట్స్" అన్నారు. మందలింపుగా అనలేదు, మెల్లగానే అన్నారు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

జాన్‌స్టన్ మొదటి సీజన్ కష్టంగా గడిచింది. 38 క్యాచ్‌లు, కీలకమైన సమయంలో చేజారిన బంతులు, ఇంటర్నెట్‌లో నోటికొచ్చినట్టు తిట్లు. నేను ఒక్కటీ చదవలేకపోయాను. ఆ చేతుల సంగతి ముందే రాసినవాణ్ణి కదా, సంతోషించాలని ఎవరైనా అనుకోవచ్చు. నాకు మాత్రం అతన్ని రెండు నెలలు రాత్రిళ్ళు చూస్తూ గడపడం వల్లనో ఏమో, మేనల్లుడు పరీక్ష తప్పినట్టనిపించింది. 2024లో 8 టచ్‌డౌన్లు చేశాడు. "నేర్పితే వస్తుంది" అన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. డెల్ మొదటి ఏడాది 11 మ్యాచ్‌ల్లో 7 టచ్‌డౌన్లు చేసి కాలు విరిగి ఆగిపోయాడు, 2024 డిసెంబర్‌లో మోకాలికి పెద్ద గాయమైంది. అతని బరువు గురించి నేను రాసిన వాక్యం సరైనదే అని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. రెండొందల పౌండ్లవాళ్ళకూ కాళ్ళు విరుగుతాయి.

ఆ తర్వాతి ఏడాదికి నా ఫారం మార్చుకున్నాను. మొదటి గడి బంతి రాని ఆటలది. నా గ్రేడు పక్కన, అది ఏ మ్యాచ్‌లో ఏ ఆట చూసి ఇచ్చానో రాస్తాను. మీటింగ్‌లో ఎవరైనా దాన్ని మార్చమంటే అలాంటి ఆటే ఇంకొకటి చూపించమంటాను. నేను చూడని డాక్టరు కాగితం గురించి ఏమీ రాయను.

2024 డ్రాఫ్ట్‌కి నాకిచ్చిన వాళ్ళలో టెక్సస్ యూనివర్సిటీ కుర్రాడు జేవియర్ వర్తీ ఒకడు. డెల్‌లాగే 165 పౌండ్లు. ఈసారి ఆ అంకె చూడకముందే నాలుగు మ్యాచ్‌లు చూశాను. ఫిబ్రవరి చివర్లో రెండో రౌండ్ గ్రేడుతో రిపోర్టు పంపేశాను. వారం తిరిగేసరికి ఇండియానాపోలిస్‌లో అతను 40 గజాలు 4.21 సెకన్లలో పరిగెత్తాడు. కంబైన్‌లో అంత వేగంగా అంతకుముందు ఎవరూ పరిగెత్తలేదు. ఆ సాయంత్రం మా గ్రూపులో మెసేజీల మీద మెసేజీలు, మొదటి రౌండ్‌కి మార్చవా అని. ఫిల్మ్ మళ్ళీ తెరిచాను. ఆ వేగం నా వరసల్లో ముందే ఉంది, ఎదుటివాడు మీద చెయ్యి వేసినప్పుడు ఇబ్బందిపడ్డ ఆటలు కూడా ఉన్నాయి. మార్చలేదు. కాన్సాస్ సిటీ టీం అతన్ని 28వ స్థానంలో, మొదటి రౌండ్‌లో తీసుకుంది. తొలి సీజన్ చివర్లో సూపర్ బౌల్‌లో 157 గజాలు సంపాదించాడు. నా రిపోర్టులో ఇప్పటికీ రెండో రౌండ్ అనే ఉంది.